తలుపు అంచున మినపగింజంత పొంగు

మా కారు డ్రైవర్ వైపు తలుపు కింది అంచున పెయింట్ ఒకచోట చిన్నగా పొంగింది. మినపగింజంత ఉంటుందేమో. తొమ్మిదేళ్ల బండి, తెల్ల రంగు, రోజూ తుడుస్తాం, ఎక్కడా గీత పడనివ్వం. కాస్త టచప్ పెయింట్ రాయిస్తే సరిపోతుందనుకుని గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో ఆ పొంగు మీద మెల్లగా ఒత్తారు. అప్పడం చిట్లినట్టు చిన్న చప్పుడైంది. మొన రేకులోంచి లోపలికి దిగిపోయింది.

తర్వాత ఆయన కింద కూర్చుని, తలుపు అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రంలోకి సన్నటి తీగ పెట్టి కెలికారు. ముందు నల్లటి బురద ముద్ద రాలింది, అందులో వేపాకు ఈనెలు. ఆ వెనకే నీళ్లు. టీ గ్లాసు నిండేంత గోధుమరంగు నీళ్లు కారాయి. విశాఖలో అప్పటికి నాలుగు రోజులుగా చినుకు లేదు. "పైన ఎన్ని పాలిష్‌లు పెట్టి ఏం లాభం బాబూ, నీళ్లు లోపల నిలబడిపోయాయి కదా" అన్నారు మేస్త్రి.

మూడేళ్ల కిందట ఆ కారుకే తుప్పు పట్టకుండా అని బాగానే డబ్బు పోసి కోటింగ్ చేయించి ఉన్నాను. అమ్మినవాళ్లు అద్దంలా మెరుస్తున్న బానెట్ చూపించారు, నేను తృప్తిపడ్డాను. తలుపు లోపల ఏముందో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి ఈ విషయం మీద పట్టుబట్టి చదివాను, ఎక్కడ లిఫ్ట్ మీద బండి కనిపించినా కిందికి వెళ్లి చూశాను. నాకు అర్థమైనదాని సారం ఇది: మనం జాగ్రత్తపడేదంతా కారు పైవైపు, తుప్పు తినేదంతా కిందివైపు, లోపలివైపు.

ఒక నీటి చుక్క కింద జరిగేది

ఇనుము తడిస్తే తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. తుప్పు పట్టే ప్రతిచోటా ఒక బుల్లి బ్యాటరీ పనిచేస్తుంటుందని మాత్రం అంతగా తెలియదు. ఇనుములో ఒకచోట పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలో కరిగిపోతాయి. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే పక్కకు వెళ్లి, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను అందుకుంటాయి. ఈ రెండు చోట్లనూ కలుపుతూ నీటి పొర ఉంటేనే సర్క్యూట్ పూర్తవుతుంది. ఇనుము, ఆక్సిజన్, నీరు. మొదటి రెంటినీ మనం తప్పించలేం. మన చేతిలో ఉన్నది మూడోదొక్కటే.

కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920ల్లో ఒక సులువైన ప్రయోగం చేశారు. శుభ్రమైన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి గమనించారు. చుక్క అంచుల్లో నీటి పొర పల్చన కాబట్టి గాలి బాగా అందుతుంది, మధ్యలో తక్కువ అందుతుంది. గాలి తగిలేచోటే తుప్పు పట్టాలి కదా అనిపిస్తుంది. కానీ ఇనుము తినుకుపోయింది చుక్క మధ్యలో. గాలి ఎక్కువ అందే భాగం ఎలక్ట్రాన్లను లాక్కుంటుంటే, గాలి అందని భాగం వాటిని ఇస్తూ ఇస్తూ కరిగిపోతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే కారు తుప్పు సగం అర్థమైనట్టే. చక్రం పైన మడ్‌గార్డ్ మడతలో బురద పేరుకుందనుకోండి. ఆ బురద కింద గాలి ఆడదు, తడి ఆరదు. చుక్క మధ్యలో జరిగిందే అక్కడా జరుగుతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి వెల్డింగ్ అయిన అతుకు, రబ్బరు బీడింగ్ కింద, మ్యాట్ కింద, స్టిక్కర్ అంచున లేచిన పెయింట్ కింద కూడా ఇదే వరస. నేరుగా వాన పడి, వెంటనే ఎండకు ఆరిపోయే కప్పు మీద రేకు ఏళ్లకేళ్లు బాగుంటుంది.

ఉప్పు ఇందులో రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. ఒకటి, నీటిలో కరెంటు బాగా పారేలా చేస్తుంది, బ్యాటరీ జోరందుకుంటుంది. రెండోది గాలిలోని తేమను పట్టి లాగడం. శుభ్రమైన ఇనుము చుట్టూ గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే తుప్పు చాలా నెమ్మదిగా నడుస్తుంది. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర తనంతట తానే కరిగి నీరవుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం అందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే నీరు పట్టేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో గాలి అంత పొడిగా ఉండే రోజులు బహు అరుదు. అంటే రేకు మీద ఒకసారి సముద్రపు ఉప్పు పొర కూర్చుందంటే, వాన లేకపోయినా, మంచు కురవకపోయినా అది తడిగానే ఉంటుంది. మా వీధిలో కిటికీ గ్రిల్స్ రెండేళ్లకే ఎర్రబడటం, హైదరాబాద్‌లో చెల్లెలి ఇంటి గ్రిల్స్ పదేళ్లయినా చెక్కుచెదరకపోవడం వెనక ఉన్న తేడా ఇదే.

తుప్పుకి ఇంకో దుర్గుణం ఉంది. అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది గాని, దాని ఆక్సైడ్ పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని మిగతాదాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాపలా కాయదు. అది గుల్లగా, స్పాంజిలా ఉండి తడిని పీల్చి పట్టుకుంటుంది. పైగా కరిగిన ఇనుము కంటే రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెయింట్ పొంగేది ఆ ఒత్తిడికే. కాబట్టి బయట మినపగింజంత పొంగు కనిపించిందంటే లోపల రూపాయి బిళ్లంత పోయిందనే లెక్క వేసుకోవాలి. మా తలుపు విషయంలో అరచేయంత పోయింది.

ఫ్యాక్టరీ ఏం చేసి పంపుతుంది

ఈ కాలపు కారు ఫ్యాక్టరీ నుంచే మంచి కవచంతో వస్తుంది. పాత అంబాసిడర్ రేకు మందం చూసి "అప్పటి బండ్లే గట్టివి" అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. రేకు మందమే, నిజం. కానీ అది చాలావరకు ఉత్త ఇనుప రేకు. తుప్పు మొదలయ్యాక రంధ్రం పడటానికి ఎక్కువ కాలం పట్టేది, అంతే. అడుగు రేకులకు అతుకులు లేని పాత అంబాసిడర్‌ని నేను చూసింది తక్కువ.

ఇప్పుడు బాడీలో తడి తగిలే చాలా భాగాలకు జింక్ పూత ఉన్న రేకు వాడతారు. ఆ పూత మందం ఒక్కో వైపు దాదాపు 7 నుంచి 10 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెల్డింగ్ అంతా అయ్యాక బాడీ మొత్తాన్ని ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచుతారు, ఆపైన ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, తొట్టెలో ముంచి కరెంటు పారిస్తారు. దీన్ని ఈ-కోట్ అంటారు. కరెంటు లాగడం వల్ల ప్రైమర్ బ్రష్ చేరని మూలలకు కూడా వెళ్లి అంటుకుంటుంది. ఈ ప్రైమర్ పొర మందం దాదాపు 20 మైక్రాన్లు. ఆపైన నునుపు కోసం సర్ఫేసర్, రంగు, దాని మీద రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపితే 100 మైక్రాన్లు, కాస్త అటూ ఇటూ. తల వెంట్రుక కంటే ఓ పిసరు మందం. ముందు వెళ్తున్న లారీ టైరు కింది నుంచి ఎగిరొచ్చిన కంకరరాయికి ఈ మందం ఒక లెక్కా?

అయినా జింక్ ఉన్నచోట చిన్న గీత పడితే వెంటనే కొంప మునగదు. జింక్ ఇనుము కంటే సులువుగా ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. పక్కన జింక్ ఉన్నంతసేపూ అదే కరుగుతూ ఇనుమును నిలబెడుతుంది. ఈ సూత్రాన్ని 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల మీద ప్రయోగించారు. ఓడ అడుగున తాపడం చేసిన రాగి రేకులు ఉప్పునీటికి తినుకుపోతుంటే, వాటికి జింక్, పోత ఇనుము ముక్కలు తగిలించారు. రాగి తినుకుపోవడం ఆగింది. కరిగే రాగి విషం లేకపోయేసరికి ఓడ అడుగున నత్తలు, నాచు విపరీతంగా పట్టి ఆ పని మానుకోవాల్సి వచ్చిందట గాని, సూత్రం మాత్రం నిలిచింది. ఇప్పటికీ ఓడల అడుగున జింక్ దిమ్మలు బిగించి ఉంటాయి.

ఫ్యాక్టరీ ఇచ్చిన ఈ కవచాన్ని మనం చేజేతులా తూట్లు పొడిచే సందర్భం ఒకటుంది. కొత్త కారు ఇంటికి రాగానే యాక్సెసరీలు బిగిస్తారు. మడ్ ఫ్లాప్‌ల కోసం మడ్‌గార్డ్ అంచుకి డ్రిల్ వేసి స్క్రూలు ఎక్కిస్తారు. ఆ రంధ్రం చుట్టూ రేకు అంచు నగ్నంగా మిగులుతుంది, ఫ్లాప్ వెనక ఇసుక చేరుతుంది, స్క్రూ ఇంకో లోహం. ఇంతకంటే అనువైన చోటు తుప్పుకి దొరకదు. బిగించక తప్పదనుకుంటే ప్రతి రంధ్రం అంచుకీ ప్రైమర్ రాసి, స్క్రూకి గ్రీజ్ పెట్టి బిగించమని అడగండి. పక్కన నిలబడి చేయించుకోండి. ఐదు నిమిషాల పని.

నీళ్లు నిలిచే చోట్లు

తలుపు లోపలికి వాన నీరు వెళ్లడం లోపం కాదని నాకు మేస్త్రి దగ్గరే తెలిసింది. అద్దం కిందికి దిగే సందులోంచి ప్రతి వానకీ, ప్రతి వాష్‌కీ నీరు తలుపులోకి జారుతుంది. కంపెనీకి అది తెలుసు. అందుకే ప్రతి తలుపు అడుగు అంచునా రెండు మూడు రంధ్రాలు పెడతారు. అద్దానికి అంటిన దుమ్ము, ఆకుల నలుసులు నీటితోపాటు దిగి వాటినే మూసేస్తాయి. తలుపు తీసి ఊపినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే అవి మూసుకున్నట్టే. ఐస్‌క్రీం పుల్లతోనో ప్లాస్టిక్ టై కొసతోనో శుభ్రం చేయాలి. ఇనుప తీగ గీరుకుంటుంది, మేస్త్రి దగ్గర చూసి ఇంట్లో అదే వాడొద్దు.

వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. దాని అడుగున ఒక కాలవ, రెండు చివర్లా నీరు దిగే దారి. చెట్టు కింద బండి పెట్టే అలవాటుంటే ఆ కాలవ ఆకులతో నిండి ఎరువు కుప్పలా తయారవుతుంది. వేప, బాదం, తురాయి చెట్ల కింద ఇది మరీ ఎక్కువ. వానాకాలం ముందు ఒకసారి ఆకులన్నీ ఏరేయాలి. సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని నాలుగు మూలల నుంచి సన్నటి పైపులు కిందికి దిగుతాయి, అవి పూడితే నీరు సీలింగ్ గుడ్డలోకి వస్తుంది.

ఏసీ డ్రెయిన్ పైపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనం ఏడాదిలో పది నెలలు ఏసీ వేస్తాం. ఏసీ ఆన్ చేసి కాసేపు నిలబెడితే కారు కింద నీటి చుక్కలు పడాలి. ఉక్కపోత రోజుల్లో కూడా పడటం లేదంటే పైపు మూసుకుని, ఆ నీరు ముందు సీటు దగ్గర కార్పెట్ కిందికి చేరుతోందన్నమాట. పైన రబ్బరు మ్యాట్ పొడిగానే ఉంటుంది. కార్పెట్ కింద ఉన్న ఫోమ్ మాత్రం స్పాంజిలా తాగి, అడుగు రేకుని నెలల తరబడి తడిగా ఉంచుతుంది. కారులో ముక్కిన వాసన మొదలైతే పెర్‌ఫ్యూమ్ కొనే ముందు మ్యాట్ ఎత్తి, కార్పెట్ మీద గట్టిగా అరచేయి ఒత్తి చూడండి.

మడ్‌గార్డ్ లోపలి మడత, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ కింద ట్రే కూడా ఈ కోవలోవే. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకునే పొడి ఆమ్ల ఆవిరి చలవ. టెర్మినళ్లు విప్పి, వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక వ్యాజ్‌లైన్ పూస్తే చాలు.

ఏది కొనాలి, ఏది మానాలి

అమ్మకాల మాటలు ఎక్కువయ్యేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చూద్దాం.

'టెఫ్లాన్ కోటింగ్' అని షోరూముల్లో ఏళ్ల తరబడి అమ్ముతున్నారు. టెఫ్లాన్ అనే పదార్థం కరిగేది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఫ్రైపాన్ మీద అది పొరగా పట్టడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. కారు పెయింట్ ఫ్యాక్టరీలో ఆరబెట్టేదే 140 డిగ్రీల ప్రాంతంలో. మరి షోరూం వెనక షెడ్డులో, గుడ్డతో రుద్దితే టెఫ్లాన్ పొర ఎలా పడుతుంది? పడదు. అక్కడ పనిచేసేది పాలిష్, వ్యాక్స్. సెరామిక్ కోటింగ్ దానికంటే నిజాయితీ ఉన్న వస్తువు. మెరుపు నిలుస్తుంది, దుమ్ము సులువుగా పోతుంది. పెయింట్ బాగున్న చోట ఏ తుప్పూ లేదు కాబట్టి అది ఆపే తుప్పు కూడా లేదు. మెరుపు కావాలంటే చేయించుకోండి, తుప్పు ఖాతాలో రాసుకోకండి.

బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ డబ్బాలు ఇంకో రకం. సన్నటి కరెంటు పంపి బాడీ మొత్తాన్ని కాపాడతాయని చెబుతారు. ఓడలకి, భూమిలో పాతిన పైపులైన్లకి కరెంటుతో రక్షణ ఇవ్వడం నిజంగా ఉంది. కానీ ఓడ చుట్టూ సముద్రం ఉంది, పైపు చుట్టూ తడి మట్టి ఉంది, వాటిలోంచి కరెంటు తిరిగొచ్చి సర్క్యూట్ పూర్తవుతుంది. రోడ్డు మీద కారు చుట్టూ ఉన్నది గాలి. తలుపులో ఒక తడి మరక, మడ్‌గార్డ్‌లో ఒక తడి మరక, వాటి మధ్య దారే లేదు. అమెరికాలో ఇలాంటి ఒక పరికరాన్ని అమ్మిన సంస్థ మీద 1990ల్లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. సరుకు మాత్రం ఇప్పటికీ కొత్త కొత్త పేర్లతో వస్తోంది.

అండర్‌బాడీ కోటింగ్ దగ్గర తీర్పు అంత తేలిక కాదు. మన దగ్గర ఎక్కువగా కొట్టేది నల్లటి రబ్బరు, బిటుమెన్ రకం. కొత్త కారుకి, పొడిగా శుభ్రంగా ఉన్నప్పుడు కొడితే రాళ్ల దెబ్బ నుంచి బాగా కాపాడుతుంది, శబ్దం తగ్గుతుంది. చిక్కు ఎక్కడంటే, మధ్యాహ్నం వాటర్ సర్వీసింగ్ చేసి, సాయంత్రానికి కోటింగ్ కొట్టి బండి ఇచ్చేస్తారు. మడతల్లో తడి అలాగే ఉంటుంది, ఉన్న తుప్పూ అలాగే ఉంటుంది, రెంటినీ లోపల పెట్టి మూత వేసినట్టు అవుతుంది. కొన్నేళ్లకు ఆ పొర గట్టిపడి బీటలు వారుతుంది. బీటలోంచి దూరిన ఉప్పునీరు పొరకి, రేకుకి మధ్య పాకుతుంది, బయటికి మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. అన్నిటికంటే ఘోరం, హడావిడిగా కొట్టినప్పుడు నీళ్లు పోయే రంధ్రాలను కూడా కప్పేయడం. కోటింగ్ చేయించేవాళ్లు బండి ఒక రాత్రంతా ఆరేలా చూసుకోవాలి, పని అయ్యాక టార్చి వేసి రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూడాలి.

నా వరకు నేను నమ్మేది జిడ్డు. దోసె పెనం కడిగి, తుడిచి, నాలుగు చుక్కల నూనె రాసి గూట్లో పెడతాం. ఎవరూ చెప్పకుండానే మన వంటిళ్లలో నడుస్తున్న పద్ధతి అది. కారులో దానికి సమానమైనవి బోలు భాగాల లోపల కొట్టే మైనం లాంటి కేవిటీ వ్యాక్స్, గొర్రె ఉన్నిలోంచి తీసే లానోలిన్ రకం స్ప్రేలు. ఇవి గట్టిపడి బీటలు వారవు, మెత్తగా ఉండి అతుకుల్లోకి, మడతల్లోకి వాటంతట అవే పాకుతాయి, అక్కడున్న తడిని పక్కకు నెడతాయి. సన్నటి గొట్టంతో తలుపుల లోపలికి, తలుపుల కింద సిల్ అనే బోలు పెట్టెల్లోకి, డిక్కీ అంచుల్లోకి కొట్టించాలి. మెత్తగా ఉండటమే వీటి బలం, బలహీనతా అదే. బయటివైపు కొట్టింది వాష్‌లకి, వానలకి పోతుంది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కొట్టాలి. లోపలి పెట్టెల్లో కొట్టింది చాలా కాలం ఉంటుంది. అందరు వర్క్‌షాపులవాళ్లూ చేయరు, పెద్ద ఊళ్లలో డీటెయిలింగ్ షాపుల్లో అడగాలి, డబ్బాలు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

జిడ్డే అయితే వాడేసిన ఇంజన్ ఆయిల్ సరిపోదా అని అడుగుతారు. లారీలవాళ్లు చాలాకాలంగా డీజిల్‌లో కలిపి కొట్టిస్తున్నారు, తుప్పు కొంత ఆగే మాట వాస్తవమే. కానీ పాత ఆయిల్‌లో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి. సస్పెన్షన్ బుష్‌లు, రబ్బరు బూట్లు ఉబ్బి పాడవుతాయి. వానకి అదంతా కారి కాలవల్లో, చెరువుల్లో కలుస్తుంది. కారు కోసం ఊరి నీళ్లు పాడుచేయడం నాకు సమ్మతం కాదు.

మంచినీళ్లు

వీటన్నిటికంటే చవకైనది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది, కారు అడుగు భాగాన్ని ఉప్పు లేని నీళ్లతో కడగడం. ఉప్పు లేని అనే మాట ఊరికే అనలేదు. మన తీర ప్రాంతంలో చాలా వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో బోరు నీళ్లే వాడతారు. భీమవరం వైపు, కాకినాడ వైపు చాలా బోర్లలో నీరు నోట్లో పోసుకుంటే ఉప్పదనం తెలుస్తుంది. ఉప్పు కడగడానికి ఉప్పునీళ్లు కొట్టించుకుని వస్తున్నాం. సెంటర్‌లో కుళాయి నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడటానికి మొహమాటపడొద్దు. ఉప్పగా ఉంటే వేరే చోటు వెతుక్కోండి, లేదా ఇంటికొచ్చి మున్సిపల్ నీళ్లతో ఒకసారి అడుగంతా తడపండి.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మీద అలల పోటు రోజుల్లో వెళ్లినవాళ్లకు తెలుసు, సముద్రం ఏకంగా రోడ్డు మీదికి వచ్చి బండిని తడుపుతుంది. సూర్యలంకలోనో ఇంకోచోటో ఇసుకలోకి కారు దింపి ఫొటోలు తీసుకోవడం కూడా ఇప్పుడు మామూలైంది. అలాంటి ప్రయాణం చేసిన రోజే, వీలైతే ఆ రాత్రే అడుగు కడిగించాలి. రొయ్యల లారీ వెనక వెళ్లినా అంతే, దాని నుంచి కారే ఉప్పునీరు రోడ్డు నుంచి ఎగిరి మన చక్రాల గూళ్లలోకి చేరుతుంది. మామూలుగా తీరంలో ఉండేవాళ్లకు నెలకోసారి అడుగు వాష్ చాలు. ప్రెషర్ పంపు ఫర్వాలేదు, వైరింగ్ సాకెట్ల మీద, తలుపు రబ్బర్ల మీద దగ్గరగా కొట్టనివ్వకుండా చూసుకుంటే.

కారు కవర్ విషయంలో మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. నాన్నగారికి కవర్ వేయనిదే నిద్ర పట్టదు. వాటర్‌ప్రూఫ్ కవర్ వానను ఆపుతుంది, లోపలి తేమను కూడా బయటికి పోనివ్వదు. తడి బండి మీద కవర్ వేస్తే ఇడ్లీ పాత్రలో పెట్టినట్టే. చివరికి గాలి ఆడే గుడ్డ కవర్ కొన్నాం, బండి పూర్తిగా ఆరాకే వేస్తున్నాం.

అమెరికాలో మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లది ఇంకో తరహా కష్టం. అక్కడ సముద్రం లేకపోయినా చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, క్యాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా వాడతారు. పైన చెప్పుకున్న మెగ్నీషియం క్లోరైడ్‌లాగే క్యాల్షియం క్లోరైడ్ కూడా తక్కువ తేమకే నీరు పట్టేస్తుంది. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, పాత పికప్ బండ్లలో బ్రేక్ పైపులు తుప్పుకి చిల్లులు పడటం మీద ఏళ్లపాటు దర్యాప్తు చేసింది. 2015లో దాన్ని ముగిస్తూ, చలికాలంలోనూ, అది అయ్యాకా కారు అడుగు బాగా కడగమని యజమానులకు సూచించింది. 2016లో టొయోటా సంస్థ అక్కడి కొన్ని పికప్, ఎస్‌యూవీల ఫ్రేములు తుప్పు పట్టిన కేసులో దాదాపు 15 లక్షల బండ్లకు వర్తించే ఒప్పందానికి వచ్చింది. అక్కడి మిత్రులకు ఒక మాట: ఉప్పు మంచు అంటిన కారుని వెచ్చటి గరాజ్‌లో పెడితే తుప్పు ఇంకా వేగంగా నడుస్తుంది. బయట గడ్డకట్టి ఉన్న ఉప్పు, లోపల కరిగి పనిలో దిగుతుంది. కడిగాకే లోపల పెట్టండి.

ఏ తుప్పుకి భయపడాలి

కారు కిందికి టార్చి వేసి చూసి బెంబేలెత్తిపోయినవాళ్లు నాకు తెలుసు. ఒక రాత్రి వానకే బ్రేక్ డిస్క్‌లు ఎర్రబడతాయి. అవి పోత ఇనుము, పెయింట్ ఉండదు, నాలుగు బ్రేకులు కొట్టగానే శుభ్రమవుతాయి. సైలెన్సర్ పైన, యాక్సిల్, సస్పెన్షన్ ఆర్మ్‌ల వంటి మందపాటి భాగాల మీద పల్చటి ఎర్ర పొర కూడా చాలా ఏళ్లు అలాగే ఉంటుంది. రేకులు రేకులుగా ఊడుతుంటేనే పట్టించుకోవాలి.

టెన్షన్ పడాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. తలుపుల కింద బండి పొడవునా సాగే సిల్, సస్పెన్షన్ బాడీకి బిగించే చోట్లు, సీటు బెల్టు బోల్టులు బిగించే చోట్లు, బ్రేక్ పైపులు. మన దగ్గర చాలా కార్లకు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. సిల్ గుల్లబారితే గుద్దుకున్నప్పుడు మనుషులను కాపాడాల్సిన ఎముక విరిగినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో సిల్ పొడవునా తట్టి చూస్తే గట్టి రేకు ఖణేల్‌మంటుంది, పోయిన చోట మందంగా, చప్పగా పలుకుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇది మరీ అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానలకీ అదే జరిగింది. వరదలో మునిగిన బండ్లు శుభ్రంగా పాలిష్ అయ్యి ఇంకో ఊళ్లో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, చివరి అరగజంలో బురద చార ఉంటుంది. సీటు కింద పట్టాల మీద, స్ప్రింగుల మీద తుప్పు చూడండి. మామూలుగా వాడిన కారులో అక్కడికి నీరు చేరే పనే లేదు. స్టెప్నీ తీసి గుంట చూడండి. అండర్‌బాడీకి కొత్తగా, నల్లగా కోటింగ్ ఉంటే మెచ్చుకునే ముందు అమ్మేవాణ్ని ఎప్పుడు, ఎందుకు కొట్టించావని అడగండి. తుప్పుకి ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదు, దాన్ని అరుగుదల కింద లెక్కేస్తుంది.

మా తలుపు ఏమైంది

మా మేస్త్రి రెండు దారులు చెప్పారు. తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే సాయంత్రానికి బండి ఇచ్చేస్తానన్నారు, ఏడాది తిరిగేలోపు మళ్లీ పొంగుతుందని కూడా ఆయనే చెప్పారు. పుట్టీ తడిని పీలుస్తుంది, కింద తుప్పు బతికే ఉంటుంది. రెండోది కోసి అతకడం. నేను రెండోదే చేయమన్నాను.

తుప్పు పట్టిన భాగాన్ని దాటి, మెరిసే రేకు కనిపించేదాకా కట్టర్‌తో కోసేశారు. కొత్త రేకు అదే వంపులో కొట్టి వెల్డ్ చేశారు. పల్చగా ఎర్రబడి, ఇంకా గట్టిగానే ఉన్న చోట్ల తీగ బ్రష్‌తో గీకి రస్ట్ కన్వర్టర్ రాశారు. అందులోని ఆమ్లం మిగిలిన తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. వదులు తుప్పు మీద ఇది పనిచేయదు, ముందు గీకాల్సిందే. షాపులో రెడ్ ఆక్సైడ్ డబ్బా సిద్ధంగా ఉన్నా నేను రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ తెచ్చిచ్చాను, తడిని ఆపడంలో అది చాలా మేలు. ఆపైన కలర్ కోడ్ చూసి కలిపిన రంగు, క్లియర్.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వెల్డింగ్ వేడికి అతుకు లోపలివైపు జింక్, ప్రైమర్ అన్నీ కాలిపోతాయి. బయట కొత్త రంగు మెరుస్తుంటే లోపల పచ్చి ఇనుము మిగిలి ఉంటుంది. అతికించిన చోటే ముందుగా మళ్లీ తుప్పు రావడానికి కారణం ఇదే. అందుకే తలుపు లోపలి ప్యాడ్ విప్పించి, అతుకు పొడవునా కేవిటీ వ్యాక్స్ కొట్టించాం. తేనెరంగులో పల్చగా పాకుతూ అతుకు సందులోకి ఇంకిపోవడం టార్చి వెలుగులో స్పష్టంగా కనిపించింది. అది ఆరాక మేస్త్రి కొత్త రేకుకి కూడా అడుగున రెండు రంధ్రాలు పెట్టి, అంచులకు ప్రైమర్ అద్ది, ఒక మగ్గు నీళ్లు అద్దం సందులోంచి పోశారు. ఇద్దరం వంగి చూశాం. పోసిన నీళ్లు పోసినట్టే కింద నేల మీదికి కారిపోయాయి. "ఇంక తీసుకెళ్లండి బాబూ" అన్నారు. మిగతా మూడు తలుపులు ఉన్నాయి కదా అన్నాను. తీగ తీసుకుని అటువైపు వెళ్లారు.